స్ట్రాటజీ గేమ్ మెనూలను కొత్త ఆటగాళ్లకు అందుబాటుగా తీర్చిదిద్దడం: చిన్న బృందాలకు సమగ్ర మార్గదర్శి

గుడి అరుగు మీద పులిజూదం ఆడే మనిషి ఏ మేకను ఎక్కడ పెడితే పులికి దారి మూసుకుపోతుందో నాలుగు ఎత్తుల ముందే లెక్కగట్టగలడు. అదే మనిషి ఫోనులో స్ట్రాటజీ గేమ్ తెరిచి, పది నిమిషాలైనా గడవకముందే మూసేస్తున్నాడంటే, వ్యూహం అతనికి కొత్త కాదు గనుక లోపాన్ని మరోచోట వెతకాలి. పులిజూదంలో ఎత్తు వేయకముందే దాని ఫలితం గీతల మీద కళ్లెదుట ఉంటుంది. గేమ్‌లో ఆ ఫలితం మెనూల వెనుక, అంకెల వెనుక, ఎన్నడూ వినని పేర్ల వెనుక ఉండిపోతుంది. ఆ దూరాన్ని తగ్గించే పద్ధతిని ఒక్కొక్క మెట్టుగా వివరించడమే ఈ మార్గదర్శి ఉద్దేశం.

శ్రీకాకుళంలో మా చిన్న బృందం వంశధార, నాగావళి నదుల నడుమ ఉన్న ప్రాంతాన్ని పటంగా తీసుకొని, వంతులవారీగా సాగే ఒక గేమ్‌ను తయారుచేస్తోంది. ముఖలింగం చుట్టుపక్కల పొలాలకు నీరు పారించడం, కళింగపట్నం రేవు నుంచి సరకు ఎగుమతి చేయడం, వరద రాకముందే ధాన్యాన్ని భద్రం చేసుకోవడం అందులో ఆటగాడి పనులు. కింద చెప్పబోయే ఉదాహరణలు చాలామటుకు ఆ గేమ్ నుంచి తీసుకున్నవే. అయితే యుద్ధ గేమ్ తయారుచేసేవారికైనా, వ్యాపార గేమ్ తయారుచేసేవారికైనా పద్ధతి ఇదే.

పని మొదలుపెట్టే ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. మెనూ సులువుగా ఉండాలంటే బటన్లు తగ్గించాలని చాలామంది సలహా ఇస్తారు. ఎంపికలు పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త హిక్ 1952లో చూపిన మాట నిజమే. కాని ఆ పెరుగుదల సంవర్గమానం ప్రకారం సాగుతుంది, అంటే ఎంపికలు రెట్టింపైనా సమయం కొద్దిగానే పెరుగుతుంది. పైగా ఆ సూత్రం ఏ ఎంపికకు ఏమిటి ఫలితమో ముందే తెలిసినవారికి వర్తించేది. కొత్త ఆటగాడికి ఉన్న రెండు బటన్లకూ అర్థం తెలియకపోతే, ఎనిమిదింటిని రెండుకు తగ్గించి ఏమిటి లాభం? అతన్ని ఆపుతున్నది రెండు సందేహాలు: నొక్కితే ఏమవుతుంది, నొక్కాక వెనక్కి తీసుకోవచ్చా. ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగిన మెనూలో ఇరవై బటన్లున్నా కొత్తవారు నిలదొక్కుకుంటారు.

మొదటి మెట్టు: నిర్ణయాల పట్టిక రాసుకోవడం

కంప్యూటరు పక్కన పెట్టి ఒక పెద్ద కాగితం తీసుకోండి. మీ గేమ్‌లో ఆటగాడు ఇవ్వగల ప్రతి ఆజ్ఞనూ ఒక్కో వరుసలో రాయండి. ప్రతి ఆజ్ఞకు ఎదురుగా నాలుగు విషయాలు నింపాలి: అది ఎంత తరచుగా అవసరమవుతుంది, మొదటిసారి ఏ వంతులో అవసరమవుతుంది, దానికి ఏమిటి ఖర్చవుతుంది, దాన్ని వెనక్కి తీసుకోవచ్చా. తెరల ప్రకారం కాకుండా నిర్ణయాల ప్రకారం రాయడం ముఖ్యం, ఎందుకంటే తెరల ప్రకారం రాస్తే ఇప్పుడున్న మెనూనే మళ్లీ కాగితం మీదికి ఎక్కుతుంది.

మా గేమ్‌లో ఈ పట్టిక పూర్తయ్యేసరికి, ప్రతి వంతులోనూ అవసరమయ్యే ఆజ్ఞలు చాలా కొద్దివని, అప్పుడప్పుడు కావలసినవి ఒక మోస్తరు సంఖ్యలో ఉన్నాయని, ఆట మొత్తంలో ఒకటి రెండుసార్లు తప్ప కంటబడనివే ఎక్కువని తేలింది. అయినా తెర మీద మాత్రం మూడు రకాలకూ ఒకే సైజు బటన్లు, ఒకే రంగు ఇచ్చి ఉన్నాయి. మెనూల అమరికలో మిగతా పనులన్నీ ఈ పట్టిక మీద ఆధారపడతాయి కాబట్టి దీనికి ఒక పూట పట్టినా తొందరపడవద్దు.

రెండో మెట్టు: తొలి తెర, కొత్త ఆట తెర

గేమ్ తెరవగానే కనబడే తొలి తెర గురించి చెప్పవలసింది తక్కువ. భాష, అక్షరాల పరిమాణం అన్నిటికన్నా ముందు అడగాలి. ఆ తరువాత, ఇంతకుముందు ఆడినవారికి ‘కొనసాగించు’, మొదటిసారి వచ్చినవారికి ‘ఆట మొదలుపెట్టు’ అనే ఒక్క బటన్ పెద్దదిగా ఉండి, మిగిలినవన్నీ దానికింద చిన్నవిగా ఉండాలి. ఏ ఆటా మొదలుపెట్టని మనిషికి ‘పాత ఆటలు తెరువు’ అనే బటన్ చూపించనక్కరలేదు.

అసలు చిక్కు ఆ తరువాతి తెరలో వస్తుంది. 1991లో వచ్చిన ‘సివిలైజేషన్’ నాటినుంచీ ఈ కోవ గేమ్‌లు మొదట్లోనే కఠినత్వం ఎంత, ప్రత్యర్థులు ఎందరు వంటి ప్రశ్నలు అడుగుతూ వస్తున్నాయి. తరువాత వచ్చిన గేమ్‌లు వీటికి పటం రకం, విస్తీర్ణం, వేగం, విజయ నియమాలు కూడా చేర్చాయి. ఆట తెలిసినవారికి ఇవి ఎంతో విలువైన ఎంపికలు. తెలియనివారికి మాత్రం, పాఠం వినకముందే పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. అందుచేత మీరే ఆలోచించి కుదిర్చిన ఒక ఆరంభాన్ని సిద్ధంగా ఉంచండి. తెర మీద ఆ ఆరంభాన్ని ఒకే వాక్యంలో వర్ణించండి: ‘చిన్న పటం, ఒక పొరుగు రాజ్యం, సుమారు 40 నిమిషాల ఆట.’ దాని కింద ‘ఇవి మార్చుకుంటాను’ అనే గీత ఉంటే, దాన్ని నొక్కినవారికి మాత్రమే మిగతా ఎంపికలన్నీ తెరుచుకోవాలి. ఆట ఎంతసేపు పడుతుందో చెప్పడం చిన్న విషయంగా కనబడవచ్చు గాని, ఖాళీ దొరికిన గంటలో ఆడే మనిషికి అన్నిటికన్నా ముందు కావలసిన సమాచారం అదే.

కఠినత్వపు స్థాయిలకు ‘పిరికి’, ‘వీరుడు’ వంటి పేర్లు పెట్టడం నాకు నచ్చదు. తేలిక స్థాయి ఎంచుకున్న మనిషిని ఆట మొదలుకాకముందే చిన్నబుచ్చడం ఎందుకు? ప్రతి స్థాయి కిందా ఏమిటి మారుతుందో రాస్తే చాలు: ‘వరదలు తక్కువగా వస్తాయి, పొరుగు రాజు మొదటి 15 వంతులు దాడి చేయడు.’

మూడో మెట్టు: ఇప్పుడు చేయవలసిన పనిని తెరే చూపించడం

పటం తెరుచుకోగానే కొత్త ఆటగాడి కళ్లు తెరంతా తిరుగుతాయి. ‘ఇప్పుడు నేనేం చేయాలి’ అన్న ప్రశ్నకు తెర మీద ఒకే ఒక చోట, ఎల్లప్పుడూ అదే చోట, జవాబు ఉండాలి. ఈ పనిని చక్కగా చేసిన గేమ్‌లలో 2010లో వచ్చిన ‘సివిలైజేషన్ 5’ ఒకటి. అందులో కుడివైపు కింది మూలన ఉన్న పెద్ద బటన్ మీద రాత సందర్భాన్నిబట్టి మారుతూ ఉంటుంది. నగరంలో ఏం తయారుచేయాలో తేల్చకపోతే ఆ సంగతి చెబుతుంది, ఏ విద్య పరిశోధించాలో ఎంచుకోకపోతే అది గుర్తుచేస్తుంది, ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్న దళం ఉంటే నేరుగా అక్కడికి తీసుకుపోతుంది. ఇవన్నీ తీరాకనే తరువాతి వంతుకు వెళ్లే బటన్‌గా మారుతుంది. గేమ్ మొత్తంలో వేరే ఏ బటన్ గురించీ తెలియని మనిషి కూడా ఆ ఒక్క బటన్‌ను పట్టుకొని చాలా వంతులు ఆడగలడు.

దీన్ని మీ గేమ్‌లో పెట్టుకోవడం కష్టమేమీ కాదు. పెండింగులో ఉన్న నిర్ణయాలన్నిటినీ ఒక వరుసలో ఉంచి, ప్రతి రకానికి ఒక ప్రాధాన్యం ఇవ్వండి. ఆలస్యం చేస్తే నష్టం కలిగే నిర్ణయం ముందు, ఆలస్యమైనా పరవాలేనిది వెనుక రావాలి. మా గేమ్‌లో వరద హెచ్చరిక అన్నిటికన్నా ముందు, రేవులో ఖాళీగా ఉన్న పడవ ఆ తరువాత, పేరు పెట్టని ఊరు అన్నిటికన్నా చివర వస్తాయి. బటన్ నొక్కినప్పుడు పటం ఆ చోటికి జరిగి, సంబంధించిన పలక (తెర మీద తెరుచుకునే చిన్న పెట్టె) తెరుచుకోవాలి. నిర్ణయాన్ని వాయిదా వేయాలనుకునేవారి కోసం ఆ పలకలోనే ‘ఈ వంతుకు వదిలేయి’ అన్న ఎంపిక కూడా తప్పకుండా ఉంచండి. లేకపోతే కొద్ది రోజులకే ఈ సాయం ఆటగాడికి బలవంతంగా తోస్తుంది.

నాలుగో మెట్టు: నొక్కకముందే ఫలితం చెప్పడం

ఈ మార్గదర్శిలో దేన్ని వదిలేసినా దీన్ని మాత్రం వదలవద్దని కోరతాను.

ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో కిరాణా కొట్టు నడిపే ఒకావిడ మా గేమ్ తొలి నమూనాను ఆడి చూశారు. వ్యాపారపు పలక తెరిచారు, ‘ఎగుమతి’ అన్న బటన్ మీదికి బొటనవేలు తెచ్చారు, అక్కడే ఆపేశారు. ‘బాబూ, ఇది నొక్కితే ఏటవుద్ది? ఉన్న వడ్లన్నీ పోతాయేటి?’ అని అడిగారు. రోజూ వందల రూపాయల సరకు కొనడం, అమ్మడం అలవాటైన మనిషి ఆమె. ధర, పరిమాణం, మిగులు అనే మూడు అంకెలు తెలియనిదే ఏ బేరమూ చేయరు. మా బటన్ ఆ మూడింటిలో ఒక్కటీ చెప్పలేదు. ఆ సందేహం ఎంతో న్యాయమైనది.

ఇప్పుడు అదే బటన్ మీద ఇలా ఉంటుంది: ‘వడ్లు అమ్మించు: 20 బస్తాలు పోతాయి, 60 వరహాలు వస్తాయి. అమ్మాక గాదెలో 35 బస్తాలు మిగులుతాయి. ఊరికి 7 వంతులకు సరిపోతాయి.’ చివరి భాగాన్ని గమనించండి. 35 బస్తాలు ఎక్కువో తక్కువో కొత్త ఆటగాడికి తెలియదు. ఎన్ని వంతులకు సరిపోతాయో చెబితే ఆ అంకెకు అర్థం వస్తుంది. ప్రతి అంకెనూ ఆటగాడి అవసరంతో ముడిపెట్టి చూపించడం అలవాటు చేసుకోండి. ‘బలం 14’ అని రాసేకంటే, ఎదుటి దళంతో తలపడితే ఎవరికి ఎంత నష్టమో చూపించడం మేలు. 2003 నుంచి ఉచితంగా లభిస్తున్న ‘బాటిల్ ఫర్ వెస్నాత్’ గేమ్‌లో దాడికి ముందే ఇరువైపుల దెబ్బల సంఖ్య, ఒక్కో దెబ్బ తీవ్రత, అది తగిలే అవకాశం ఎంత శాతమో కనబడతాయి. కోరుకున్నవారు పోరు ముగిశాక ఎవరికి ఎంత ప్రాణం మిగిలే అవకాశముందో లెక్కతో సహా చూసుకోవచ్చు. దాన్ని దించుకొని, ఆ ఒక్క పలకను శ్రద్ధగా పరిశీలించండి.

2018లో వచ్చిన ‘ఇన్‌టు ది బ్రీచ్’ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఎనిమిది గళ్ల వెడల్పు, ఎనిమిది గళ్ల పొడవు ఉన్న చిన్న పటం మీద, శత్రువులు తరువాత ఎక్కడ దాడి చేయబోతున్నారో ఆటగాడి వంతు మొదలయ్యేసరికే గుర్తులు పడతాయి. అన్నీ ముందే తెలిసిపోతే ఆట చప్పబడిపోతుందని భయపడేవారికి ఆ గేమ్ మంచి సమాధానం. అన్నీ తెలిసినా ఏది కాపాడాలి, ఏది వదులుకోవాలి అన్న ప్రశ్న అంతే గట్టిగా మిగులుతుంది. స్ట్రాటజీ గేమ్ ఆడించేది ఆ ప్రశ్నే గాని, బటన్ వెనుక ఏముందో ఊహించడం కాదు.

నొక్కడానికి వీలులేని బటన్ల విషయంలో ఎక్కువ గేమ్‌లు అశ్రద్ధ చేస్తాయి. బటన్‌ను బూడిద రంగులోకి మార్చి ఊరుకుంటారు. ఎందుకు కుదరదో, ఎప్పుడు కుదురుతుందో చెప్పరు. అలాంటి బటన్‌ను తాకినా సరే ఏదో ఒక జవాబు రావాలి: ‘గాదె కట్టించడానికి 40 కలప కావాలి, మీ దగ్గర 25 ఉంది. ఇదే వేగంతో 3 వంతుల్లో సమకూరుతుంది.’ ఒక్క వాక్యంతో అడ్డంకి లక్ష్యంగా మారుతుంది, ఆటగాడు ఆ మూడు వంతులూ ఆడడానికి కారణం దొరుకుతుంది. మరీ ముందుచూపు ఉన్న బృందాలు ఆ వాక్యంలోని ‘కలప’ అన్న మాటను నొక్కగానే కలప ఎక్కడ దొరుకుతుందో పటం మీద వెలిగేలా చేస్తాయి. మీకు వీలుంటే అదీ చేయండి.

ఐదో మెట్టు: వెనక్కి తీసుకునే హక్కు

ఫలితం ముందే చెప్పినా మనిషి పొరబడతాడు, వేలు జారుతుంది. అందుకే ఆజ్ఞను రద్దు చేసే బటన్ పటం మీద ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. మెనూ లోపల దాచకూడదు. 2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి గేమ్ యంత్రం కోసం వచ్చిన ‘అడ్వాన్స్ వార్స్’లో దళాన్ని జరిపాక ఒక చిన్న మెనూ తెరుచుకుంటుంది. ఎదుట శత్రువు అందుబాటులో ఉంటేనే దాడి కనబడుతుంది, ఆక్రమించదగ్గ కట్టడం మీద సైనికుడు నిలబడితేనే ఆక్రమణ కనబడుతుంది. ఏదీ ఎంచుకోకుండా వెనక్కి నొక్కితే దళం మొదటి చోటికే తిరిగి వస్తుంది. ఆ సదుపాయం వల్ల ‘ఇక్కడికి వెళ్తే ఏం చేయగలను’ అన్నది ఎవరూ చెప్పకుండానే ఆటగాడు జరిపి చూసి నేర్చుకుంటాడు.

సాంకేతికంగా దీనికి రెండు దారులున్నాయి. ప్రతి ఆజ్ఞతోపాటు దాన్ని తిరగదిప్పే ఆజ్ఞను కూడా రాసిపెట్టుకోవడం ఒకటి. వంతు మొదట్లో ఆట స్థితిని మొత్తం భద్రపరచి, ఆ తరువాత ఇచ్చిన ఆజ్ఞల వరుసను దాచుకొని, రద్దు చేసినప్పుడు చివరి ఆజ్ఞ మినహా మిగిలినవాటిని మొదటినుంచి మళ్లీ నడిపించడం రెండోది. చిన్న బృందాలకు రెండోదే క్షేమం, ఎందుకంటే కొత్త ఆజ్ఞ చేర్చిన ప్రతిసారీ దాని తిరుగుదారి కూడా రాయవలసిన పని ఉండదు, రాయడం మరిచిపోయామన్న బెడదా ఉండదు. దానికి ఒక షరతు ఉంది: యాదృచ్ఛిక సంఖ్యల విత్తును (పాచికల వరుస ఏ అంకె నుంచి మొదలవుతుందో ఆ అంకెను) కూడా ఆట స్థితితోపాటు భద్రపరచాలి. అలా చేస్తే మళ్లీ నడిపినప్పుడు మునుపటి ఫలితాలే వస్తాయి, రద్దు చేసి చేసి మంచి పాచిక కోసం చూసే వీలూ పోతుంది.

అన్నిటినీ రద్దు చేయనివ్వలేం. కొత్త సమాచారం బయటపడిన ఆజ్ఞను వెనక్కి తీసుకోనిస్తే ఆటలో గూఢచర్యానికి విలువ ఉండదు. వెస్నాత్‌లో కూడా మామూలు కదలికను రద్దు చేయవచ్చు గాని, దాగి ఉన్న ప్రాంతం ఆ కదలిక వల్ల బయటపడితే వీలుకాదు. ‘ఇన్‌టు ది బ్రీచ్’ ఒక్కో పోరులో ఒక్కసారి వంతు మొత్తాన్ని మొదటికి తిప్పుకోనిస్తుంది. మీ గేమ్‌లో హద్దు ఎక్కడ పెట్టినా, ఆ హద్దు దాటబోయే బటన్‌కు వేరే రంగు, వేరే ఆకారం ఇచ్చి, అది వెనక్కి రాని పని అని ముందే తెలియజేయండి.

హెచ్చరిక పెట్టెలను పొదుపుగా వాడాలి. రద్దు చేయగల పనికి కూడా ‘ఖాయమేనా?’ అని అడుగుతూ పోతే, ఆటగాడు చదవకుండానే ‘అవును’ నొక్కడం అలవాటు చేసుకుంటాడు. చివరికి నిజంగా ఆలోచించవలసిన చోట కూడా అలాగే నొక్కేస్తాడు. హెచ్చరిక తప్పనిసరైన చోట బటన్ల మీద ‘అవును’, ‘కాదు’ అని కాక పనినే రాయండి: ‘పడవను కూల్చివేయించు’, ‘పడవను ఉండనీ’. ప్రశ్న చదవనివారు కూడా జవాబు చదువుతారు.

ఆరో మెట్టు: ఒక్కొక్కటిగా తెరవడం

అన్ని పలకలనూ మొదటి వంతులోనే చూపించనక్కరలేదు. మొదటి మెట్టులో రాసుకున్న పట్టికలో ‘మొదటిసారి ఏ వంతులో అవసరమవుతుంది’ అన్న గడి ఇప్పుడు ఉపయోగపడుతుంది. అయితే వంతుల లెక్కన తెరవడం సరైన పని కాదని నా అభిప్రాయం; అవసరం కలిగినప్పుడు తెరవాలి. గాదెలో మొదటిసారి ధాన్యం మిగిలినప్పుడు వ్యాపారపు పలక తెరుచుకుంటే, అది ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనవసరం లేదు. పదో వంతు వచ్చిందని తెరిస్తే, అప్పటికి చేతిలో మిగులు లేనివారికి అది మరో అర్థంకాని పలక మాత్రమే అవుతుంది.

ఒక్కొక్కటిగా తెరిచేటప్పుడు ఉన్న బటన్లు అటూ ఇటూ జరగకూడదు. రాబోయే పలకలకు చోటు ముందే కేటాయించి ఖాళీగా ఉంచండి. నిన్న మూడో చోట ఉన్న బటన్ ఇవాళ కూడా అక్కడే ఉండాలి. అనుభవజ్ఞుల కోసం కొత్త ఆట తెరలోనే ‘అన్నీ మొదటినుంచీ తెరిచి ఉంచు’ అన్న ఎంపిక పెట్టండి.

వివరణల విషయంలో 2020లో వచ్చిన ‘క్రూసేడర్ కింగ్స్ 3’ చూపిన దారి గొప్పది. అందులో వివరణ పెట్టెలోని ముఖ్యమైన పదాలు వేరే రంగులో ఉంటాయి. వాటి మీద మౌస్ ఉంచితే ఆ పదానికి ఇంకో వివరణ తెరుచుకుంటుంది, దానిలోనుంచి మరొకటి. తెలిసినవారికి అడ్డురాదు, తెలియనివారు ఎంత లోతుకైనా వెళ్లవచ్చు. ఫోనులో మౌస్ ఉండదు కాబట్టి ఈ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోలేం. బటన్‌ను నొక్కిపట్టుకుంటే వివరణ వచ్చేలా చాలామంది చేస్తారు గాని, నొక్కిపట్టాలన్న సంగతి కొత్తవారికి ఎలా తెలుస్తుంది? అందువల్ల మేము తెర అడుగున ఒక వివరణ పట్టీకి శాశ్వతంగా చోటిచ్చాం. దేన్ని ఒకసారి తాకినా దాని వివరణ ఆ పట్టీలోకి వస్తుంది. ఆజ్ఞ ఇచ్చే బటన్ కూడా ఆ పట్టీలోనే ఉంటుంది. అంటే మొదటి స్పర్శకు ఎప్పుడూ ఏ నష్టమూ జరగదు. పట్టీలోని రంగు పదాన్ని తాకితే దాని అర్థం వస్తుంది, ఎడమవైపు బాణం గుర్తుతో వెనక్కి రావచ్చు. చిన్న తెర మీద రెండు అంచెల లోతు దాటితే దారి తప్పుతారు కాబట్టి అక్కడితో ఆపాం.

ఏడో మెట్టు: తెలుగు అక్షరాలకు తగిన చోటు

ఇంగ్లీషు కోసం గీసిన బటన్లలో తెలుగు పోస్తే ఒత్తులు తెగిపోతాయి. మా మొదటి నమూనాలో ఊరి పేరుకు కేటాయించిన గీత ఎత్తు చాలక, ‘కళింగపట్నం’లో టకారం కింది ఒత్తు కత్తిరించుకుపోయి ‘కళింగపటం’ అని కనబడింది. పటాలతో నిండిన గేమ్‌లో అలాంటి పొరబాటు చదివేవారిని నిజంగానే తికమకపెడుతుంది. గీతల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే బాగా ఎక్కువగా ఇచ్చి, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘వస్త్రం’ వంటి మాటలతో ప్రతి బటన్‌నూ పరీక్షించండి.

అక్షరాలను కూర్చే యంత్రాంగం మరో సంగతి. యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) విస్తారంగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో భాగం తెలుగు గుణింతాలను, ఒత్తులను తనంతట తాను సరిగా కూర్చదు. అదనపు ఏర్పాటు కావాలి. 2023లో వచ్చిన గొడోట్ 4 ఇంజన్‌లో, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్ అయిన హార్ఫ్‌బజ్ అంతర్భాగంగా ఉంది కాబట్టి, నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్ పెడితే అక్షరాలు సరిగానే కూర్చబడతాయి. ఏ ఇంజన్ వాడాలో ఇంకా తేల్చుకోని బృందాలు ఈ సంగతిని ముందే లెక్కలోకి తీసుకోవడం మంచిది.

తాకే చోటు ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం కనీసం 48 డీపీ (తెర సాంద్రత ఎంతైనా దాదాపు ఒకే పరిమాణంలో కనబడే కొలత) ఉండాలి, అంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు. అక్షరాలకూ వాటి నేపథ్యానికీ మధ్య కాంతి తేడా, వెబ్ అందుబాటు ప్రమాణాల ప్రకారం మామూలు రాతకు కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి. ఇది కనీసం మాత్రమే. బస్టాండులో ఎండలో నిలబడి ఫోను చూసేవారిని దృష్టిలో పెట్టుకుంటే ఇంకా ఎక్కువ ఇవ్వాలి. మిత్రులకు పచ్చ, శత్రువులకు ఎరుపు అని రంగు ఒక్కదాని మీదే ఆధారపడితే, ఆ రెండు రంగుల తేడా తెలియనివారికి ఆట మూసుకుపోతుంది. ఆకారంలో కూడా తేడా చూపించండి.

బటన్ల మీద రాసే మాటలు క్రియలుగా ఉండాలి. ‘వాణిజ్యం’ అని ఉంటే అది తెరుచుకునే పలకో, జరిగిపోయే పనో తెలియదు. పలక తెరిచే బటన్లకు నామవాచకం, పని జరిపించే బటన్లకు క్రియ అనే నియమాన్ని గేమ్ అంతటా ఒకేలా పాటించండి. ‘గాదె కట్టించు’, ‘పడవ పంపించు’ అన్నప్పుడు ఆజ్ఞ ఇస్తున్నది ఆటగాడేనని స్పష్టంగా ఉంటుంది, బటన్ వెడల్పు కూడా అదుపులో ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: కొత్తవారితో ఆడించి చూడడం

మీ బృందంలో ఎవరూ ఈ పరీక్షకు పనికిరారు, ఎందుకంటే వారికి అన్నీ తెలుసు. స్ట్రాటజీ గేమ్‌లు బాగా ఆడే స్నేహితులు కూడా పనికిరారు. చదరంగం, పేక, లూడో తప్ప మరేదీ ఆడని మనుషులు కావాలి. ఒక విడతకు 5 మంది చాలు. ఉపయోగ్యత (వాడుకలో సౌలభ్యం) నిపుణుడు యాకబ్ నీల్సన్ 2000లో చెప్పినట్టు, ఎక్కువమందితో ఒకే పెద్ద పరీక్ష చేయడంకంటే కొద్దిమందితో పలుమార్లు చేసి మధ్య మధ్యన సరిదిద్దుకోవడం లాభం. విద్యార్థులతోపాటు వేరే వయసుల వారిని, వేరే పనులు చేసుకునే వారిని కూడా పిలవండి. చిన్న అక్షరాలు చదవడానికి కళ్లజోడు వెతుక్కునే మనిషి మీకు చెప్పగలిగింది విద్యార్థి చెప్పలేడు.

ఫోను చేతికిచ్చి, ‘ఆడుతూ మనసులో అనుకునేది పైకి అనండి’ అని మాత్రమే చెప్పండి. ఆ తరువాత మౌనంగా ఉండడమే మీ పని. ఎవరైనా సాయం అడిగితే, ‘మీకేమనిపిస్తోంది?’ అని తిరిగి అడగండి. పెద్దవాళ్లు ‘చెప్పు బాబూ’ అని పదేపదే అన్నప్పుడు ఊరుకోవడం మర్యాద కాదనిపిస్తుంది. అందుకే మొదలుపెట్టేటప్పుడే, పరీక్ష గేమ్‌కు గాని వారికి కాదని, ఎక్కడ చిక్కుపడితే అక్కడ తప్పు మాదేనని వివరంగా చెప్పండి. ఆట అయ్యాక అన్ని సందేహాలూ తీర్చండి.

రాసుకోవలసినవి: వేలు బటన్ మీదికి వెళ్లి నొక్కకుండా ఆగిన చోట్లు, నొక్కిన వెంటనే వెనక్కి వచ్చిన చోట్లు, ఒకే పలకను మూడు నాలుగుసార్లు తెరిచి మూసిన చోట్లు, ‘అయ్యో’ అన్న చోట్లు. వారు ఇచ్చే సూచనలకంటే ఈ గుర్తులు నమ్మదగ్గవి, ఎందుకంటే ఇంటికి వచ్చిన మనిషిని నొప్పించకూడదని చాలామంది ‘బాగుంది’ అనే చెబుతారు.

వీలైతే ఒక వారం తరువాత అదే మనుషులతో ఆపేసిన చోటినుంచి కొనసాగించమనండి. తిరిగి వచ్చిన ఆటగాడు సగం మరిచిపోయి ఉంటాడు, ఆ సమయంలో గేమ్‌ను వదిలేసే ప్రమాదం ఎక్కువ. దానికి విరుగుడుగా, కొనసాగించగానే ఒక చిన్న పలక కనబడాలి: కిందటిసారి చివరగా ఏం చేశారు, ఏ పని సగంలో ఉంది, పొరుగు రాజ్యంతో సంబంధం ఎలా ఉంది. బస్సు వచ్చిందని ఫోను జేబులో పెట్టుకున్నా ఆట చెక్కుచెదరకుండా, ప్రతి ఆజ్ఞ తరువాతా దానంతట అదే భద్రమవుతూ ఉండాలి.

సరిదిద్దే క్రమం కూడా ముందే నిర్ణయించుకోండి. నొక్కి నష్టపోయిన చోట్లను అన్నిటికన్నా ముందు, నొక్కకుండా ఆగిన చోట్లను ఆ తరువాత, పేరు అర్థంకాక అడిగిన చోట్లను చివర సరిచేయాలి. పేర్లు మార్చడం తేలిక కాబట్టి బృందాలు దానితోనే మొదలుపెడతాయి, అక్కడే అలసిపోతాయి. తరువాతి విడతకు మాత్రం మళ్లీ పూర్తిగా కొత్తవారిని పిలవాలి; ఒకసారి ఆడిన మనిషి ఇక కొత్త ఆటగాడు కాడు గనుక, ఎవరెవరు ఏ నమూనా ఆడారో ఒక పుస్తకంలో రాసిపెట్టుకొని, విడుదలకు ముందు జరిపే చివరి విడత కోసం కనీసం ఐదుగురిని గేమ్ చూపించకుండా అట్టిపెట్టుకోండి.